కాలి నరం, గుండె కాలువ

మా ఇంట్లో ‘నరం’ అనే మాట చాలా పనులు చేస్తుంది. మెడ పట్టేస్తే నరం పట్టినట్టు. చెయ్యి తిమ్మిరెక్కితే నరాల బలహీనత. సెలైన్ పెట్టడానికొచ్చిన నర్సమ్మకి ఎంత వెతికినా దొరకనిది నరం. 2012లో మా తాతయ్యకి బైపాస్ ఆపరేషన్ అయింది. అప్పటినుంచి పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లకీ మా నాయనమ్మ చెప్పే మాట: “కాలి నరం తీసి గుండెకి కుట్టేరండి.”

ఇంగ్లీష్ మీడియం పుస్తకాల్లో నేను చదివింది నర్వ్, వెయిన్, ఆర్టరీ అని మూడు వేరువేరు వస్తువులు. తెలుగులోనూ వాటికి మూడు మాటలున్నాయి: నాడి, సిర, ధమని. కానీ ఆకివీడులో మా వీధిలో ఆ మూడింటినీ ఒక్క ‘నరం’ మోసేస్తుంది. ఈ వ్యాసం వరకు ఒక ఒప్పందం చేసుకుందాం. గుండె నుంచి రక్తం తీసుకెళ్లేది ధమని. గుండెకి రక్తం తిరిగి తెచ్చేది సిర. రెండూ కలిపి రక్తనాళాలు. తాతయ్య మాట్లాడినప్పుడు మాత్రం నరమే.

ఇదంతా ఎందుకంటే, పోయినేడాది తాతయ్యకి మళ్లీ ఆయాసం మొదలైంది. యాంజియోగ్రామ్ తీశారు. 2012లో ఆయన గుండెకి మూడు కొత్త దారులు వేశారు. ఒకటి ఛాతీ లోపలి ధమనితో, రెండు కాలి సిరలతో. ఛాతీ ధమని ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కాలి సిరలు రెండూ మూసుకుపోయాయి. ఇంకోసారి బైపాస్ చేద్దామంటే రెండో కాలి సిరలు ఉబ్బి, మెలికలు తిరిగిపోయి ఉన్నాయి. పైగా షుగరు. మొదటిసారి కాలి మీద పెట్టిన కోత మానడానికే నాలుగు నెలలు పట్టింది, ఛాతీ కోత దానికంటే ముందే మానిపోయింది. అందుకని డాక్టరుగారు ఈసారి మందులతోనే నెట్టుకొద్దాం అన్నారు.

ఆ నెలలోనే తాతయ్య ఫోనుకి ఎవరో ఒక వీడియో పంపారు. ఒక మిషను జిగురులాంటి దాంతో చిన్న గొట్టం తయారుచేస్తోంది. ‘ఇకపై రక్తనాళాలు ప్రింట్ చేసుకోవచ్చు’ అని కింద రాసి ఉంది. ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేది నేనొక్కదాన్నే కాబట్టి ప్రశ్న నాకే వచ్చింది.

“ఇదెప్పుడొచ్చుద్దే బుజ్జీ?”

ఆయనకి 74 ఏళ్లు. ఊరికే కాలక్షేపానికి అడగలేదు. అందుకే వీలైనంత చదివాను. చదివినదాంట్లో నాకు అర్థమైంది మీకూ చెప్తాను.

కాలి సిరే ఎందుకు?

గుండె రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే ఆ కండకి కూడా రక్తం కావాలి కదా. దాన్నిచ్చేవి గుండె పైన పాకినట్టుండే కరొనరీ ధమనులు. వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. వాటిలో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోతే, దాని దిగువనున్న కండకి రక్తం అందదు.

మా వైపు పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు. కాలువకి ఎగువన ఎక్కడో పూడిక పడితే మొదట ఎండేది శివారు ఆయకట్టు. శివారు రైతు గోల పెడతాడు. గుండె అయితే నొప్పి పెడుతుంది. బైపాస్ అంటే పూడిక తియ్యడం కాదు. పూడిక పైనుంచి కొత్త బోదె తవ్వి, దాన్ని తీసుకెళ్లి పూడిక కింద కలపడం.

ఆ కొత్త బోదె దేంతో చెయ్యాలి? 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనే ఫావలోరో అనే అర్జెంటీనా సర్జన్ కాలి సిర వాడి ఈ పద్ధతిని నిలబెట్టారు. చీలమండ నుంచి తొడ దాకా పొడుగ్గా ఉండే సిర అది. చర్మం కిందే ఉంటుంది. తీసేసినా కాలు బతుకుతుంది, ఎందుకంటే లోపల వేరే సిరలున్నాయి. అరవై ఏళ్లు కావొస్తున్నా ఇప్పటికీ ఎక్కువ ఆపరేషన్లలో వాడేది దాన్నే.

నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. కాలి సిరలో లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. రక్తం కిందికి జారిపోకుండా పైకి మాత్రమే వెళ్లనిచ్చే తలుపులు అవి. అందుకని సర్జన్లు ఆ సిరని తలకిందులుగా తిప్పి గుండెకి కుడతారు. లేకపోతే ఆ తలుపులే రక్తాన్ని ఆపేస్తాయి. మన తూములకి ఒకవైపే తెరుచుకునే తలుపు ఉన్నట్టే.

కష్టం ఎక్కడొస్తుందంటే, సిర పుట్టింది తక్కువ ఒత్తిడి కోసం. ధమనిలో బీపీ 120 ఉంటే, సిరలో మామూలుగా 10 చుట్టుపక్కల ఉంటుంది. పంట బోదెని తీసుకొచ్చి పెద్ద కాలువ ప్రవాహానికి కట్టినట్టు. తట్టుకోవడానికి దాని గోడ మందం అవుతూ పోతుంది, లోపలి దారి సన్నబడుతుంది. పదేళ్లు గడిచేసరికి ఇలా వేసిన కాలి సిరల్లో దాదాపు సగం మూసుకుపోతాయి, లేదా బాగా పాడవుతాయి. ఛాతీ లోపలి ధమని అలా కాదు. అది పుట్టుకతోనే ధమని కాబట్టి పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది బాగానే ఉంటాయి. కానీ అవి మనిషికి రెండే ఉంటాయి, గుండెలో అన్ని మూలలకీ అందవు.

తాతయ్య రిపోర్టు మళ్లీ చూస్తే పుస్తకంలో రాసినట్టే ఉంది. ధమని నిలబడింది, సిరలు పోయాయి. ఎవరి పొరపాటూ లేదు. 2012లో వేసిన దారి ఆయనకి పన్నెండేళ్లు ఇచ్చింది.

ప్లాస్టిక్ గొట్టం వెయ్యొచ్చు కదా

నేనూ మొదట ఇదే అడిగాను. సమాధానం ఏంటంటే, వేస్తున్నారు, కానీ లావు నాళాలకే.

1952లో ఆర్థర్ వూరీస్ అనే సర్జన్, పారాచూట్ల బట్టలాంటి కృత్రిమ నూలుతో చేసిన గొట్టాలు వాడొచ్చని చూపించారు. తర్వాత హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ బట్టల షాపుకెళ్లి నైలాన్ అడిగితే లేదన్నారట. డేక్రాన్ కొనుక్కొచ్చి, ఇంట్లో వాళ్లావిడ కుట్టుమిషను మీద గొట్టం కుట్టారు. డేక్రాన్ అంటే పాలిస్టర్. మన చొక్కాల్లో ఉండేదే. అదే గుడ్డ గొట్టాలు ఇవాళ్టికీ పెద్ద ధమనుల్లో దశాబ్దాల తరబడి పనిచేస్తున్నాయి.

కానీ వెడల్పు 6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కథ మారిపోతుంది. సన్నటి గొట్టంలో రక్తం నెమ్మదిగా పోతుంది, గడ్డ కడుతుంది. మన సొంత నాళాల్లో ఎందుకు కట్టదు? లోపల ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. అది ఊరికే పరిచిన పెయింట్ కాదు. ఆ కణాలు బతికుండి, నైట్రిక్ ఆక్సైడ్‌లాంటివి విడుదల చేస్తూ, ‘ఇక్కడ గడ్డకట్టకు’ అని రక్తానికి ప్రతి క్షణం చెప్తూ ఉంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ ఇలా కబురు మోస్తుందని కనిపెట్టినవాళ్లకే 1998లో నోబెల్ ఇచ్చారు. పాలిస్టర్‌కి ఆ మాట చెప్పడం రాదు.

అంటే గుండెకి కావలసింది గొట్టం కాదు, బతికున్న గొట్టం. ప్రింటింగ్ అనే ఆలోచన ఇక్కడే లోపలికొస్తుంది.

ప్రింటర్ లోపల ఏం జరుగుతుంది?

మన కాలేజీ ల్యాబులో ఉన్న 3డి ప్రింటర్ చూశారు కదా. ప్లాస్టిక్ తీగని 200 డిగ్రీల దాకా వేడిచేసి, కరిగిన దాన్ని పొర మీద పొరగా పేరుస్తుంది. బయోప్రింటర్ కూడా పొరలే వేస్తుంది, కానీ 200 డిగ్రీల్లో కణాలు బతకవు. కాబట్టి అక్కడ ఇంకు అంటే జెల్. జిలాటిన్, కొలాజెన్, సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ లాంటివి. అందులో బతికున్న కణాలు కలుపుతారు. సూదిలోంచి వచ్చేటప్పుడు జారాలి, బయటికొచ్చాక గట్టిపడాలి. ఆల్జినేట్ అయితే కాల్షియం తగలగానే గడ్డకడుతుంది. కొన్ని జెల్స్ వెలుతురు పడితే గట్టిపడతాయి.

ఇది నిన్నామొన్నటి ఆలోచన కాదు. 2003 నాటికే అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో థామస్ బోలాండ్, ఆఫీసుల్లో వాడే మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్లని మార్చి కణాలు ప్రింట్ చేశారు. ఇంకు చుక్క సైజూ, కణం సైజూ మరీ దూరం కావని ఆయనకి తట్టింది.

అసలు చిక్కు ఏంటంటే జెల్ నిలబడదు. పలచటి జావతో గోడ కట్టినట్టు, పేర్చేకొద్దీ కూలిపోతుంది. దీనికి ఒక్కొక్కళ్లు ఒక్కో ఉపాయం చేశారు.

2012లో జోర్డాన్ మిల్లర్ బృందం గొట్టాన్ని ప్రింట్ చెయ్యలేదు. గొట్టం లోపలి ఖాళీని ప్రింట్ చేసింది. పంచదార పాకంతో తీగల వల గీసి, చుట్టూ కణాలున్న జెల్ పోసి, తర్వాత పాకాన్ని కరిగించేసింది. పాకం ఉన్నచోట కాలువలు మిగిలాయి. పంచలోహ విగ్రహాలు పోసేవాళ్లు మైనంతో చేసే పని ఇదే. ఇక్కడ మైనం బదులు పంచదార.

2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆడమ్ ఫైన్‌బర్గ్ బృందం మెత్తటి జిలాటిన్ ముద్ద లోపలే కొలాజెన్ ప్రింట్ చేసింది. చుట్టూ ముద్ద పట్టుకుని ఉంటుంది కాబట్టి కూలదు. పని అయ్యాక 37 డిగ్రీలకి వేడిచేస్తే జిలాటిన్ కరిగిపోతుంది, కొలాజెన్ మిగులుతుంది. 37 డిగ్రీలంటే మన ఒంటి వేడే.

2024లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు చేసింది సరిగ్గా బైపాస్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన పని. ప్రింటర్‌కి తిరిగే కడ్డీ ఒకటి తగిలించి, దాని మీద నీళ్ల జెల్‌తో గొట్టం ప్రింట్ చేశారు. జెల్ ఒక్కటే అయితే చిరిగిపోతుంది కదా. అందుకని ఎలెక్ట్రోస్పిన్నింగ్ అనే పద్ధతిలో, అధిక వోల్టేజీతో సాలీడు దారం కంటే సన్నటి పాలిస్టర్ పోగులు లాగి దాని చుట్టూ కప్పారు. ఆ పాలిస్టర్ తర్వాత ఒంట్లో కరిగిపోయే రకం. 1 మిల్లీమీటరు నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు దాకా చెయ్యగలమన్నారు. కాలు కొయ్యకుండా బైపాస్ చెయ్యాలన్నదే వాళ్ల ఉద్దేశం. ఇంత చేశాక వాళ్లు తర్వాతి మెట్టుగా చెప్పింది జంతువుల్లో పరీక్ష.

హైదరాబాద్ కన్ను, ఏలూరు పేరు

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోకండి. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మనిషి కంటి కణాలతో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, 3డి ప్రింట్ చేసి కుందేలు కంట్లో అమర్చామని ప్రకటించాయి. మార్పిడికి పనికిరాని దాతల కార్నియాల్లోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పదార్థంతో ఇంకు తయారుచేశారు. దానికి మూలకణాలు కలిపారు. ఐఐటీ నుంచి ఆ పనిలో ఉన్న ఫాల్గుణి పాటి, అంతకుముందు దక్షిణ కొరియాలో ఉన్నప్పుడు 2014లో ఇలాగే గుండె కండ, మృదులాస్థి, కొవ్వు నుంచి ఇంకులు తీసి ప్రింట్ చేసిన బృందంలో ముందున్నవాళ్లు. అంటే గుండె ఇంకు తెలిసిన చెయ్యి మనకి సంగారెడ్డి దగ్గర్లోనే ఉంది.

ఆ ఆసుపత్రిని 1987లో స్థాపించింది డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. పేరు సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌ది. ఆయన పుట్టింది మా ఏలూరు దగ్గర సోమవరప్పాడులో. ఈ సంగతి చెప్తే తాతయ్య నిటారుగా కూర్చున్నారు. “మనోళ్లే” అన్నారు. తర్వాత వెంటనే అడిగారు: “మరి కన్ను చేసినోళ్లు నరం చెయ్యలేరా?”

ఈ ప్రశ్నకి సమాధానమే ఈ వ్యాసం మొత్తానికి ముఖ్యమైంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఉంటే మనకి చూపు మసకబారుతుంది. మందం సుమారు అర మిల్లీమీటరు. దానికి కావలసిన ఆక్సిజన్ కన్నీళ్లలో కరిగి గాలి నుంచే వస్తుంది. కాలువ అక్కర్లేని చేను అది. మిగతా అవయవాలన్నీ కాలువ మీద బతికేవి.

ఒంట్లో ఏ కణమైనా బతకాలంటే దానికి 100 నుంచి 200 మైక్రాన్ల లోపు ఒక రక్తనాళం ఉండాలి. అంటే రెండు వెంట్రుకల మందం. అంతకంటే దూరమైతే ఆక్సిజన్ దాని దాకా పాకలేదు. అందుకే ల్యాబులో మందంగా ప్రింట్ చేసిన కండ పైన బతికి, లోపల చచ్చిపోతుంది.

చేపల చెరువులున్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుద్ది. మబ్బు పట్టిన రాత్రి, తెల్లవారుజామున, చెరువులో డీవో పడిపోతుంది. నీళ్లున్నాయి, మేతుంది, అయినా చేప నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. అప్పుడు ఏరేటర్లు వెయ్యాలి, లేదా కొత్త నీరు పెట్టాలి. గంట ఆలస్యమైతే పంట పోతుంది. తాతయ్య ముప్పై ఏళ్లు చెరువులు చేశారు. “ఆక్సిజన్ డౌనవుద్దన్నమాట” అని నాకంటే ముందే అన్నారు.

కాబట్టి అవయవాలు ప్రింట్ చెయ్యడం అంటే కండ ప్రింట్ చెయ్యడం కాదు, కాలువలు ప్రింట్ చెయ్యడం. బైపాస్‌కి కావలసింది ఒక్క కాలువ. రేపు గుండెనే చెయ్యాలంటే కావలసింది డెల్టా మొత్తం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కానీ నది మీద గోడ కట్టినంత మాత్రాన మా వైపు వరి పండలేదు. పెద్ద కాలువ, దాన్నుంచి పిల్ల కాలువ, దాన్నుంచి బోదె, ఇలా ప్రతి మడి దాకా చీలితేనే పండింది. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉన్నది అందుకే.

ఇక్కడ మనకేం పని?

నేను సీఎస్ఈ. సూదీ జెల్లూ నా చేతిలో లేవు. కానీ కాలువల మ్యాపు ఎవరో ఒకళ్లు గియ్యాలి కదా. అది మన పనే.

1926లో సెసిల్ ముర్రే అనే ఆయన ఒక సూత్రం చెప్పారు. నాళం రెండుగా చీలినప్పుడు, తల్లి నాళం వ్యాసార్ధం ఘనం, పిల్ల నాళాల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి సమానం. రక్తాన్ని తోసే ఖర్చూ, రక్తాన్ని పోషించే ఖర్చూ రెండూ కలిపి తక్కువగా ఉండాలంటే అలా ఉండాలి. రెండు సమానమైన కొమ్మలైతే ఒక్కోటి తల్లిలో 0.79 వంతు. 3 మిల్లీమీటర్ల ధమనితో మొదలుపెట్టి లెక్క వెయ్యండి. ఎర్ర రక్తకణం మాత్రమే పట్టే 7 మైక్రాన్ల నాళానికి రావాలంటే 26 సార్లు చీలాలి. 26 సార్లు చీలితే చివర కొమ్మలు 6 కోట్ల 71 లక్షలు. రికర్షన్ క్లాసులో ఫిబొనాచీతోనే స్టాక్ నింపేసుకునే మనకి, ఒంట్లో ఇది పుట్టకముందే రాసి ఉండటం ఆశ్చర్యం. నిజం గుండె ఇంత సమంగా చీలదు గానీ, అంకె ఎంత పెద్దదో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

2025లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో అలిసన్ మార్స్‌డెన్, మార్క్ స్కైలర్-స్కాట్ బృందాలు కలిసి దీనికి ఒక అల్గారిథం ఇచ్చాయి. కొమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకోకూడదు. ప్రతి కణం దగ్గరికీ వెళ్లాలి. రక్తం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకూడదు. ఇవన్నీ చూసుకుంటూ మనిషి గుండెకి పది లక్షల నాళాల మ్యాపుని సుమారు ఐదు గంటల్లో గీస్తుంది. అంతకుముందు పద్ధతుల కంటే 200 రెట్లు వేగం. కానీ వాళ్లు నిజంగా ప్రింట్ చేసి చూపించిన పెద్ద నమూనాలో ఉన్నవి 500 కొమ్మలు. కణాలు బతికించి చూపించిన నమూనాలో 25 నాళాలు. పది లక్షలు గియ్యగలుగుతున్నాం, 25 బతికించగలుగుతున్నాం. మధ్యలో ఉన్న దూరం అదీ.

ఇదంతా చదివాక ముర్రే సూత్రంతో పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను, పన్నెండు సార్లు చీలే చెట్టు గీసేది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్యకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

“బానే ఉంది. మురుగు కాలువేదే?”

ఆయన అడిగింది సరదాకి కాదు. కొల్లేరు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి నీళ్లు రావడం సగం సంగతే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీళ్లన్నీ సముద్రంలోకి వెళ్లాల్సింది ఉప్పుటేరు మీదగానే. ఉప్పుటేరు పూడిపోయి, గుర్రపుడెక్క అడ్డుపడితే చేలు మునుగుతాయి. ఒంట్లోనూ అంతే. ధమనుల చెట్టొకటి తీసుకెళ్తుంది, సిరల చెట్టొకటి తిరిగి తెస్తుంది, రెండూ వెంట్రుక కంటే సన్నటి కేశనాళికల దగ్గర కలవాలి. స్టాన్‌ఫోర్డ్ వాళ్ల ప్రోగ్రామ్ గొప్పతనం కూడా అందులోనే ఉంది. పోయే దారీ, వచ్చే దారీ కలిపి గీస్తుంది.

అయితే ఎప్పుడు?

ప్రింట్ చేసినది కాదు గానీ, ల్యాబులో పెంచిన రక్తనాళం ఒకటి ఇప్పటికే మనుషుల దాకా వచ్చింది. లారా నిక్లాసన్ అనే శాస్త్రవేత్త 1999లో పంది కణాలతో, గుండెలా కొట్టుకునే పంపు పెట్టి ల్యాబులో ధమని పెంచి చూపించారు. ఆవిడ స్థాపించిన హ్యుమసైట్ కంపెనీ, దాతల కణాలతో నాళం పెంచి, తర్వాత ఆ కణాలన్నీ కడిగేసి, మిగిలిన ప్రొటీన్ గొట్టాన్ని నిలవ పెడుతుంది. కణాలు లేవు కాబట్టి ఎవరి ఒంట్లో పెట్టినా ఒళ్లు దాన్ని పరాయిదని తోసెయ్యదు. తర్వాత పేషెంటు సొంత కణాలే వచ్చి అందులో చేరతాయి. యుక్రెయిన్ యుద్ధంలో గాయపడినవాళ్లకి వాడారు. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది కూడా కాళ్లు చేతుల ధమనులు తెగినప్పుడు, సొంత సిర వాడటం కుదరనప్పుడు మాత్రమే. వెడల్పు 6 మిల్లీమీటర్లు. గుండెకి పట్టదు.

1999 నుంచి 2024. పాతికేళ్లు. ఎడిన్‌బరో గొట్టం ఇప్పుడు ఉన్నది ఆ దారికి మొదట్లో. జంతువుల్లో నిలవాలి, మనుషుల్లో నిలవాలి, నిలిచిందని తేల్చడానికి ఏళ్ల తరబడి ఆగి చూడాలి. కాలి సిర పదేళ్లకి సగం పోతుందని మనకి తెలిసింది పదేళ్లు ఆగి చూశారు కాబట్టే కదా. ఇందులో కంప్యూటర్ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. గుండె కొట్టుకునే వేగంతోనే జరగాలి.

తర్వాత డబ్బు. తాతయ్య ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగింది. 2007లో ఆ పథకం రాకపోతే మా ఇంట్లో చెరువు లీజు వదులుకోవాల్సి వచ్చేది. కొత్త నాళం వచ్చినా ఆకివీడు మనిషికి అందేది కార్డులోకి వచ్చినప్పుడే. స్టెంట్ విషయంలో ఇది ఒకసారి జరిగింది. 1998లో అబ్దుల్ కలాం, హైదరాబాద్ హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధరలో స్టెంట్ తయారుచేశారు. కలాం-రాజు స్టెంట్ అన్నారు దాన్ని. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మామూలు స్టెంట్‌కి 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా పెట్టింది. వస్తువు కనిపెట్టడం ఒక పని, దాన్ని శివారు దాకా తేవడం ఇంకో పని. ఆ రెండో పనికి కాటన్‌లాంటివాళ్లు కావాలి.

తాతయ్యకి ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుని చెప్పాను. వీడియోలో గొట్టం నిజమేనని చెప్పాను. అది ఆయన కోసం సమయానికి రాదని కూడా చెప్పాను. అమ్మ వంటింట్లోంచి ‘అలా చెప్పొచ్చా’ అన్నట్టు చూసింది. కానీ ఆయన చెరువుల మనిషి. పంట ఎప్పుడొస్తుందో తేదీతో చెప్తేనే నమ్ముతారు, తియ్యగా చెప్తే అనుమానిస్తారు.

కొంచెంసేపు ఊరుకున్నారు. తర్వాత, “నా సంగతొదిలెయ్. మీ నాన్నకి అందుద్దా?” అన్నారు.

నాన్నకి 48. మూడేళ్ల క్రితం షుగరు బయటపడింది. తాతయ్యకి మొదటి బ్లాకు వచ్చిన వయసుకి ఇంకా పన్నెండు, పదమూడేళ్లు ఉంది. పాతికేళ్ల లెక్కలో చూస్తే దగ్గర దగ్గరగా ఉంది, తేదీ రాసివ్వగలిగేంత దగ్గరగా మాత్రం కాదు. అదే చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను, ఇప్పటిదాకా మనిషి తయారుచేసిన ఏ నాళం కూడా సొంత నాళమంత బాగా లేదని. బీడీ, సిగరెట్, షుగరు, బీపీ పాడుచేసేది దాన్నే.

మర్నాటి నుంచి తాతయ్య కాలువ గట్టు మీద నడకకి నాన్నని కూడా లేపుతున్నారు. నాన్న విసుక్కుంటూనే వెళ్తున్నారు. నేను ప్రోగ్రామ్‌లో రెండో చెట్టు, మురుగు కాలువ వైపుది, రాస్తున్నాను. రెండు చెట్లూ ఎక్కడా గుద్దుకోకుండా చివర్లో మాత్రమే కలవాలి. ఆ భాగం ఇంకా కుదరలేదు. మీలో ఎవరికైనా గ్రాఫ్‌లు, జామెట్రీ ఇష్టమైతే రండి, కలిసి కూర్చుందాం.